మా వదిన ఎగ్గొట్టిన మాత్ర

మా వదిన బస్సు నడుపుతుంది. ఈ మాట ఎవరితో అన్నా ముందు "బస్సా?" అని ఒకసారి, ఆ తర్వాత "పెద్ద బస్సా?" అని ఇంకోసారి అడుగుతారు. మరేమనుకున్నారు, తాడు కట్టి లాక్కునే బొమ్మ బస్సా? కూర్చున్నవాళ్ళూ నిలబడ్డవాళ్ళూ కిటకిటలాడే సిటీ బస్సు. నేను ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. నా నోరు చూసి వదిన నాకు "సూది" అని పేరు పెట్టింది, ఇప్పుడు వీధి వీధంతా అలాగే పిలుస్తుంది. ఆడపడుచు ఇంట్లో తిష్ఠ వేస్తే వదినకు కష్టాలేనని లోకం అనుకుంటుంది. మా ఇంట్లో నా నోటికి భయపడేది మా అన్నయ్య ఒక్కడే. వదిన నన్ను లెక్కచేసిన పాపాన పోలేదు.

ఆవిడ మొదట డిపోలో టికెట్ల కిటికీ వెనక కూర్చునేది. రోజంతా బస్సులు మలుపు తిరగడం చూసీ చూసీ, ఒకరోజు ఇంటికొచ్చి, "వాళ్ళందరూ స్టీరింగు ఆలస్యంగా తిప్పుతున్నారు, నేనైతే ఇంకాస్త ముందు తిప్పుతా" అంది. అన్నయ్య నవ్వాడు. ఆ నవ్విన పాపానికి, కాగితాలు కోసే ప్రెస్సులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చే మనిషి, రోజూ తెల్లవారకముందే లేచి పెళ్ళాన్ని డ్రైవింగు స్కూలు దగ్గర దింపాల్సి వచ్చింది. లైసెన్సు వచ్చాక డిపోలో పరీక్ష పెట్టిన రోజు, మెకానిక్కులతో సహా అందరూ టీ గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడ్డారట, ఆడది బస్సు రివర్సు చేస్తే చూద్దామని. వదిన రెండు బస్సుల మధ్య సందులోకి, అద్దాలు కూడా రాసుకోకుండా, ఒక్క ఊపులో వెనక్కి పెట్టేసి దిగింది. "అయిపోయింది, ఇక టీ తాగండి, చల్లారిపోతోంది" అంది. ఆ డిపోలో స్టీరింగు పట్టిన ఆడమనిషి ఆవిడొక్కతే.

ఒక్కతే కావడంలో ఒక చిక్కుంది. మగ డ్రైవరు అద్దం పగలగొడితే అద్దం పగిలింది అంటారు. వదిన పగలగొడితే ఆడవాళ్ళకెందుకండీ ఈ పని అంటారు. ఆ మాట అనిపించుకోకూడదని ఆవిడకు పంతం. ఆలస్యంగా వెళ్ళదు, సెలవడగదు, పొద్దున డ్యూటీ ఎక్కితే మధ్యాహ్నం దిగేదాకా సీటు వదలదు. ఒంట్లో బాగా లేదని ఆవిడ నోట విన్నవాళ్ళు లేరు.

అలాంటి మనిషికి, ఏటా డిపోలో చేసే పరీక్షల్లో బీపీ రెండొందల పది, కింద నూట ఇరవై వచ్చింది. నర్సు చెయ్యి మార్చి చూసింది, మిషను మార్చి చూసింది. అదే అంకె. "మీకు తల తిరగట్లేదా?" అని అడిగిందట. "నాకేం తిరగట్లేదు, మీ మిషనుకే తిరుగుతున్నట్టుంది" అందట మా మహాతల్లి. ఇంటికొచ్చి ఈ సంగతి నవ్వుతూ చెబుతుంటే నా గుండె గుభేలుమంది. సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాలేదు నాకు ఆ పూట.

డిపో వాళ్ళు ఒక మాట తేల్చి చెప్పారు. కొన్నాళ్ళు చూస్తాం, మందులతో దారికొస్తే సరే, రాకపోతే స్టీరింగు ఇవ్వం, మళ్ళీ టికెట్ల కిటికీయే. వదిన ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంది. "కిటికీ వెనక్కి నేను పోను సూదీ. ఛస్తే పోను" అంది.  కంచం పక్కకు నెట్టి లేచిపోయింది.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు కుర్రవాడు, మీసం ఇంకా సరిగ్గా సర్దుకోని వయసు. పని మాత్రం శ్రద్ధగా చేస్తాడు. మొదట ఒక మాత్ర ఇచ్చాడు. కొంచెం తగ్గింది. మోతాదు పెంచాడు. ఇంకొంచెం తగ్గింది కానీ పాదాలు వాచి డ్యూటీ బూట్లలో దూరనన్నాయి. బూటు పట్టకపోతే బ్రేకు ఎలా తొక్కుతుంది? మళ్ళీ పరుగు. అప్పుడతను మాకు నిదానంగా చెప్పాడు.

"అమ్మా, మీది చిన్న బీపీ కాదు. ఒక్క మందునే పెంచుకుంటూ పోతే దాని ఇబ్బందులే ఎక్కువవుతాయి. అందుకే మూడు మందులు, తక్కువ తక్కువ మోతాదుల్లో. ఒకటి రక్తనాళాలని వదులు చేస్తుంది. రెండోది, వాటిని బిగించమని ఒళ్ళు పంపించే కబురుని ఆపేస్తుంది. మూడోది ఒంట్లో ఎక్కువగా చేరిన ఉప్పునీ నీళ్ళనీ బయటికి పంపేస్తుంది. మూడూ కలిస్తేనే పని."

"బయటికంటే ఎలా పంపిస్తుంది?" అంది వదిన.

"మామూలుగానే అమ్మా" అని డాక్టరు బల్ల మీది పెన్ను సర్దుకున్నాడు. నేను కిసుక్కున నవ్వాను. వదిన నవ్వలేదు.

ఇక మా ఇంట్లో సంబరం మొదలైంది. వంట నాది కాబట్టి ఉప్పు మీద యుద్ధం ప్రకటించాను. ఉప్పు డబ్బా తీసుకెళ్ళి గుండీల పెట్టె వెనక దాచాను. అన్నయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నా వంక చూశాడు, వదిన వంక చూశాడు, మాట్లాడకుండా మింగాడు. ఆ మనిషి ఓర్పుకి దండం పెట్టాలి. రోజూ పొద్దున్నే వదిన అరచేతిలో మాత్రలు వేసుకుని గుటుక్కున మింగడం నా కళ్ళతో చూస్తూనే ఉన్నాను. అయినా పరీక్షకెళ్ళిన ప్రతిసారీ బీపీ నూట ఎనభై దగ్గర మొండికేసి కూర్చునేది.

డాక్టరు రక్తం తీయించాడు. కిడ్నీలు చూపించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగాడు.

"వేసుకుంటున్నాను" అంది వదిన, గోడ మీది గడియారం చూస్తూ.

"నేను సాక్షినండీ" అన్నాను నేను, అడక్కపోయినా. నన్నెవరడిగారు చెప్పండి!

డాక్టరు కాసేపు ఆలోచించి మొహం విప్పార్చుకున్నాడు. "మూడు మందులూ కలిపి ఒకే మాత్రగా దొరుకుతుంది. పొద్దున ఒక్కటి వేసుకుంటే చాలు. ఒకటి మర్చిపోవడం, ఒకటి వేసుకోవడం, ఆ గొడవే ఉండదు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచి ఉపాయం ముందే చెప్పలేదేమని అతన్ని మనసులో తిట్టుకున్నాను కూడా. వదిన మొహం మాత్రం మాడిపోయింది. దారి పొడుగునా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. ఒక్క మాత్రకు ఇంత అలకేమిటో అనుకున్నాను.

కొన్నాళ్ళకు నాకు లైనింగు గుడ్డ కావాల్సి వచ్చింది. గుడ్డల బజారు వదిన నడిపే రూటు చివర్లో ఉంది. ఆవిడ బస్సే ఎక్కి డ్రైవరు సీటు వెనకాల కూర్చున్నాను. కండక్టరు అరవై దగ్గరపడిన మనిషి. రోజంతా రైట్‌రైట్ అని అరిచీ అరిచీ ఆ మాటే పేరుగా స్థిరపడిపోయింది. నాకు టికెట్టు కొడుతూ, "ఏం సూదమ్మా, వదిన మీద నిఘాయా?" అన్నాడు. "మీ మీద బాబాయ్" అన్నాను.

సగం దారి దాటాక వదిన కళ్ళు గట్టిగా మూసి తెరవడం అద్దంలో కనబడింది. ఇంకోసారి. మెడ వెనక చెమట కారుతోంది. ఏదో అనబోయేంతలో బస్సు మెల్లిగా పక్కకు తిరిగింది. ఒక్కరు కూడా ముందుకు తూలలేదు. చెట్టు నీడకు తెచ్చి, లైట్లు వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపి, అప్పుడు చెప్పింది వదిన, చాలా మెల్లిగా.

"బాబాయ్, నాకు రోడ్డు రెండుగా కనబడుతోంది. వీళ్ళని వెనక బస్సు ఎక్కించెయ్యి."

ఆ తర్వాత నేనెలా లేచానో, రైట్‌రైట్ బాబాయి ఆటో ఎలా ఆపాడో నాకు తెలీదు. ఆసుపత్రిలో చూస్తే రెండొందల ముప్ఫై. సెలైను పెట్టారు, మందు చుక్కచుక్కగా ఎక్కించారు. ఒక్కసారిగా దించితే ప్రమాదమట, మెట్టు మెట్టుగా దించాలట. వదిన తెల్లటి దుప్పటి కింద ఇంత చిన్న మనిషై పడుకుంది. అంత బస్సును ఆడించే చెయ్యి, బీపీ పట్టీ చుట్టించుకుని పక్కన పడి ఉంది.  నాకు ఏడుపొస్తే ఏడవడం రాదు, కోపం వస్తుంది. ఆ కుర్ర డాక్టరు గదిలోకి అడుగు పెట్టడం ఆలస్యం, మీద పడ్డాను.

"ఏమయ్యా, మూడు మందులన్నావ్, కలిపిచ్చానన్నావ్! అందులో మందుందా, సుద్ద పొడుందా? మనిషిని చంపుదామనుకున్నావా? నూట ఎనభై ఉన్నదాన్ని రెండొందల ముప్ఫైకి తెచ్చావు, అదేనా నీ వైద్యం?"

పాపం, అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు. నర్సు నా చెయ్యి పట్టుకుంది. నేను విదిలించుకున్నాను.

"సూదీ" అంది వదిన మంచం మీద నుంచి. "ఆయన్నేం అనకు. నేను వేసుకోలేదు."

 డాక్టరు ఏమనుకున్నాడో, "మీరు మాట్లాడుకోండి, మళ్ళీ వస్తా" అని నర్సును కూడా తీసుకుని వెళ్ళిపోయాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వదిన పైకప్పు వైపు చూస్తూ చెప్పుకొచ్చింది.

"ఆ నీళ్ళ మాత్ర వేసుకుంటే గంట తిరక్కుండా ఒంటికి వస్తుంది. ఆపుకోలేను. అటు చివర స్టాండులో బాత్రూంకి ఎప్పుడూ తాళమే. మగాళ్ళు దిగి ఎక్కడో గోడ చూసుకుంటారు. నేనెక్కడికి పోను? బస్సునిండా జనాన్ని కూర్చోబెట్టి ఎవరింటి తలుపు కొట్టను? అందుకే డ్యూటీ రోజు ఆ ఒక్కటీ తీసేసి మిగతా రెండూ వేసుకునేదాన్ని. సెలవు రోజు మూడూ వేసుకునేదాన్ని. ఇప్పుడేమో మూడూ కలిపి ఒక్కటే చేసిచ్చాడు. అందులోంచి నీళ్ళ మందు ఒక్కటీ ఎలా తీసెయ్యను? డ్యూటీ రోజు నీ కళ్ళుగప్పి మొత్తానికే మానేశాను."

"నీళ్ళో?"

"ఏం నీళ్ళు? పొద్దున గొంతు తడుపుకుని ఎక్కుతాను. దిగాక తాగుతాను."

ఎన్నేళ్ళుగా? అని అడగబోయి మానేశాను. స్టీరింగు పట్టినప్పటి నుంచీ అని నాకే తెలిసిపోయింది. పక్కగదిలో పడుకునే మనిషి గొంతెండబెట్టుకుని ఊరంతా తిరిగొస్తుంటే, నేను ఉప్పు డబ్బా దాచిపెట్టి పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను.

"ఈ ముక్క ఆ డాక్టరుకి చెప్పచ్చుగా వదినా!"

"ఏమని చెప్పను? మన ఇంట్లో పిల్లాడిలా ఉన్నాడు. మగవాడి ముందు ఆ మాటా!"

"డిపోలో?"

"అక్కడ చెబితే ఇంకేమైనా ఉందా? ఇందుకే ఆడవాళ్ళకి బండి ఇవ్వకూడదు అనడానికి కాచుక్కూర్చున్నారు."

బుగ్గల మీదుగా కన్నీళ్ళు దిండులోకి జారిపోతున్నాయి. తుడుచుకోవడానికి ఒక చేతికి సెలైను, ఇంకో చేతికి పట్టీ. నేనే తుడిచాను. "రోడ్డు మధ్యలో నీకేమైనా అయితే, ఆ జనానికేమైనా అయితే?" అన్నాను. "అదే అనుకున్నాను సూదీ, బస్సు పక్కకి తిప్పుతున్నంతసేపూ. సిగ్గుకి పోయి ఇంతమందిని చంపబోయాను కదా అని" అంది.

డాక్టరు తిరిగొచ్చాడు. వదిన నా కొంగు లాగింది. "నువ్వు చెప్పవే" అని గుసగుసలాడింది. నా సంగతి మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది. అడక్కుండానే మాట్లాడే రకం. కానీ ఆ క్షణాన నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేను చెప్పను. బస్సు నడిపేది నువ్వు, మాత్ర మింగేది నువ్వు. నీ నోటితో నువ్వే చెప్పు."

 వదిన గోడ వైపు తిరిగి, ఉన్నదున్నట్టు, గోడకే చెప్పింది. డాక్టరు స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. నవ్వలేదు, మొహం తిప్పుకోలేదు.

"తప్పు నాది కూడా అమ్మా. రోజూ వేసుకుంటున్నారా అని అడిగాను కానీ, వేసుకుంటే ఏమవుతోందని అడగలేదు. మీకు మందులు సరిపోవట్లేదనుకుని నాలుగోది మొదలుపెడదామని చూస్తున్నాను" అన్నాడు. కొంచెం ఆలోచించాడు. "మూడూ కలిసి పనిచెయ్యాలి, నిజమే. అంతమాత్రాన మూడూ ఒకే వేళకి మింగాలని లేదు. ఆ రెండూ పొద్దున్నే వేసుకోండి. నీళ్ళ మాత్ర విడిగా ఇస్తాను, మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికి రాగానే వేసుకోండి. రాత్రికి నిద్ర చెడదు. కానీ నీళ్ళు తాగాలి. డ్యూటీలో కూడా తాగాలి."

"తాగితే మళ్ళీ అదే కదండీ" అంది వదిన, ఇటు తిరిగి.

"అదే. దానికి నా దగ్గర మాత్ర లేదమ్మా. కావాలంటే మీ డిపో డాక్టరుతో నేను మాట్లాడతాను."

"వద్దు. నేనే మాట్లాడతాను" అంది వదిన. గోడతో కాదు, అతనితోనే.

బీపీ దారికొచ్చేదాకా అని డిపోలో ఆవిణ్ణి టికెట్ల కిటికీ వెనక కూర్చోబెట్టారు. పళ్ళ బిగువున కూర్చుంది. మధ్యాహ్నం ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే నేను మాత్రా నీళ్ళూ పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. "జైలు వార్డనులా తయారయ్యావే" అని తిట్టుకుంటూనే మింగేది. సాయంత్రమంతా బాత్రూంకి తిరుగుతుంటే అన్నయ్య, "ఏమోయ్, ఇంకో ట్రిప్పా?" అని లెక్క కట్టేవాడు. ఆ మాట మీద ముగ్గురం పడీపడీ నవ్వుకునేవాళ్ళం. ఇంట్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అంకె కూడా మా మాట వినడం మొదలుపెట్టింది. నూట డెబ్భై. నూట యాభై. ఒక వారం కదలనని మొరాయించింది, డాక్టరు ఒక మందు కొంచెం సవరించాడు. మళ్ళీ దిగింది. కాళ్ళ వాపు పోయింది, బూట్లు పట్టాయి.

డిపోలో ఆఖరి పరీక్ష రోజు నన్ను లోపలికి రానివ్వలేదు. అక్కడ జరిగింది రైట్‌రైట్ బాబాయి సాయంత్రం మా ఇంటికొచ్చి, నా మిషను పక్కన నిలబడి, అందరి గొంతులూ తానే పలికి చూపించాడు. నర్సు పట్టీ చుట్టింది. నూట ఇరవై ఆరు, కింద ఎనభై. నమ్మకం కుదరక రెండో చేతికి చుట్టింది. ఇంచుమించు అదే. "మీ మిషనుకి ఇప్పుడు తల తిరగడం తగ్గినట్టుంది" అందట వదిన. నర్సు ఫక్కుమని నవ్విందట.

డిపో మేనేజరు అన్నీ చూసి, "సరేనమ్మా, స్టీరింగు మీదే. రేపట్నుంచి ఎక్కండి. ఇంకేమైనా ఉందా?" అన్నాడట, మాటవరసకు.

"ఉంది సార్" అందట వదిన. "ఆ చివర స్టాండులో బాత్రూం ఉంది. దానికెప్పుడూ తాళమే. ఆ తాళం తియ్యాలి. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దానికి సరిపడా టైము రాయాలి. నేను నీళ్ళు తాగాలి, ఒంటికి వెళ్ళాలి. లేకపోతే బీపీ పెరుగుతుంది, పెరిగితే ఏమవుతుందో మొన్న మీరే చూశారు."

గదిలో ఉన్న మగవాళ్ళందరూ కిందకి చూశారట. మేనేజరు పెన్ను మూత పెట్టి, తీసి, "ఇన్నేళ్ళలో ఏ డ్రైవరూ ఈ మాట అడగలేదమ్మా" అన్నాడట.

"వాళ్ళకి గోడలున్నాయి సార్."

ఇక్కడికి వచ్చేసరికి బాబాయికి నవ్వాగలేదు, నా మిషను పట్టుకుని వంగిపోయాడు. అన్నయ్య మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి వదిన పక్కన కూర్చుని, "అన్నావా? అలాగే అన్నావా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. తాళం ఆ వారమే తీశారు. ఎన్నేళ్ళ దుమ్మో, ముగ్గురు మనుషులు పూటంతా కడిగారట.

వదిన మళ్ళీ సీటెక్కిన రోజు నేనూ అన్నయ్యా పని మానుకుని ఆ బస్సే ఎక్కాం. చివరి స్టాండుకు చేరేసరికి దారిలో రద్దీ వల్ల ఆలస్యమైంది. దిగేవాళ్ళు దిగుతుంటే తిరుగు ప్రయాణం వాళ్ళు తోసుకుంటూ ఎక్కేశారు. బస్సు నిండిపోయింది. వెనక నుంచి ఎవరో, "అమ్మా, టైమైపోయింది, ఇక తియ్యండి బండి!" అని కేకేశాడు. ఇంకో ఇద్దరు వంత పాడారు.

వదిన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. నాకు భయమేసింది. ఇన్నేళ్ళ అలవాటు, ఇప్పుడు తీసేస్తుందేమో, ఇవాళ్టికి పోనీలే అనుకుంటుందేమో అని. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు.

వదిన సీట్లోంచి లేచింది. బస్సు వైపు తిరిగి నిలబడింది.

"టైమైంది, నిజమే. నేను బాత్రూంకి వెళ్ళి రావాలి. వచ్చాకే బండి కదులుతుంది. అంత తొందరున్నవాళ్ళు దిగి వెనక బస్సు ఎక్కండి."

 కేకేసినతను కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. వదిన తలుపు తీసుకుని దిగింది. రెండడుగులు వేసిందో లేదో, మధ్య సీట్లోంచి ఒక ముసలావిడ సంచీ పక్కావిడ ఒళ్ళో పడేసి లేచింది.

"ఉండమ్మా డ్రైవరమ్మా, నేనూ వస్తా. పొద్దుట్నుంచి ఉగ్గబట్టుకుని కూర్చున్నాను."

ఆవిడ వెనక కూరల బుట్టావిడ లేచింది. ఆఫీసు బ్యాగు తగిలించుకున్న పిల్ల లేచింది. ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుని లేచారు. చంకలో బిడ్డతో ఒకామె లేచింది. నాకు అవసరం లేదు, అయినా లేచాను. తాళం తీసిన ఆ బాత్రూం తలుపు ముందు వరస కట్టాం, అందరికంటే ముందు మా వదిన.

ముందుగా వెళ్ళొచ్చి వదిన సీట్లో కూర్చుంది. అప్పటికి మిగతావాళ్ళం ఇంకా వరసలోనే ఉన్నాం. బస్సులోంచి ఆ కేకేసినతని గొంతే మళ్ళీ, ఈసారి కాస్త వినయంగా, "డ్రైవరు వచ్చేసింది కదా, ఇక పోదామా?" అంది.

"అందరూ ఎక్కలేదు" అంది వదిన.

చివరి ఆవిడ ఎక్కి కూర్చునేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యలేదు.